మన్ను లేని సృష్టి



కుండకు కుమ్మరి నిమిత్తకారణము, మన్ను ఉపాదానకారణము అని తర్కమున చదివితిని. దేవుడు ఏ ఉపాదానమును లేకయే, వాక్కుచేతనే సమస్తమును సృజించెనని క్రైస్తవుల విశ్వాసము. 1890లో ఫ్రీసెన్ దొర నల్లగొండలో నెలకొల్పిన మిషను బోధకును ఇదియే పునాది. భువనగిరి ఏకశిలను చూచినప్పుడెల్ల, ఇంతటిది శూన్యమునుండి యెట్లు పుట్టునని సంశయించెడివాడను.

ఒక కరవునాడు మా యూరి క్రైస్తవ వృద్ధుడు కొడుకును పూడ్చి వచ్చెను. “ఇంకను ఏమి మిగిలినదని నమ్ముచున్నావు, పెద్దయ్యా?” అంటిని.

“ఏమియు లేనప్పుడే గదా పంతులుగారూ, ఆయన లోకమును చేసినది!” అనెను.

లేనిదానిని కలుగజేయు దేవుడే మృతులను బ్రతికించునని అబ్రాహాము నమ్మినట్లు పౌలు రోమీయులకు వ్రాసెను. ఆ వృద్ధునికి అక్షరము రాదు. సృష్టివాక్యమునకు అర్థము నాకు తెలిపినవాడు మాత్రము అతడే.