చెవితో చూచిన చిత్రములు

అనకాపల్లి మార్కెట్టులో బెల్లము కొనువారు రెండు విధములవారు. దిమ్మ రంగు చూచి ధర చెప్పువారు కొందరు. ఒక పలుకు విరిచి, నోట వేసికొని, పిదప మాట్లాడువారు మరికొందరు. మెరుగు కొరకు హైడ్రోసు కలుపు అలవాటు వచ్చిన పిదప రెండవ పద్ధతియే క్షేమమైనది. సినిమాల విషయమున మా పద్ధతియు ఇదియే. రేడియోలో పనిచేయువారము గనుక బొమ్మ రంగు కంటె ముందుగా పలుకు రుచి చూతుము. ఇటీవల ఇంట చూచిన మూడు చిత్రములను, ఒక ధారావాహికను గూర్చి ఆ దృష్టితో నాలుగు మాటలు శ్రోతలకు మనవి చేయుదుము.

ఉత్తరాంధ్రపు పలుకునకు వెండితెరపై చాలకాలము దక్కినది నవ్వులాటయే. 1892లో విజయనగరమున గురజాడవారి 'కన్యాశుల్కము' ప్రదర్శింపబడిననాడు ఈ ప్రాంతపు మాటయే నాటకమునకు ప్రాణము. రావిశాస్త్రిగారి కథలలో అదే మాట ఏడ్చినది, ఎదిరించినది. సినిమాలలో మాత్రము అది తరచుగా అమాయకునికో, హాస్యగానికో మిగిలినది. నాయకుడు ప్రేమించుటకు, కోపించుటకు వేరొక తెలుగు కావలసివచ్చినది. తన ఇంటి మాట వినగానే హాలంతయు నవ్వుట చూచిన పిల్లవాడు రేపు కాలేజీలో నోరు విప్పుటకు జంకును. కనుక ఇది వినోదమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు.

వెంకటేష్ మహా దర్శకత్వమున 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' ఈ లోటును చాలవరకు తీర్చినది. విశాఖపట్టణములోని ఆ పేటవాసులే ఇందులో ఎక్కువ పాత్రలు ధరించినారు. నాలుగు వయసుల ప్రేమకథలు పక్కపక్కనే నడచును. 49 ఏండ్లు వచ్చినను పెండ్లికాని అటెండరు రాజుగా సుబ్బారావుగారు మాట్లాడుచుండగా నటన అను మాటయే గుర్తునకు రాదు. కొన్ని సన్నివేశములలో కొత్త నటుల బిగువు కనిపించును; ఒకటి రెండు కథలు తొందరగా దుఃఖమునకు చేరినవి. అయినను ముగింపులో నాలుగు దారులు కలిసిన తీరు ఈ లోపములను మరపించును. ఆ కలయిక ఎట్టిదో చూడనివారికి చెప్పుట న్యాయము కాదు.

కరుణకుమార్ తీసిన 'పలాస 1978' విడుదలైనది 2020 మార్చిలో. కొద్దిదినములకే కరోనా కారణమున సినిమాహాళ్ళు మూతపడినవి. జీడిపప్పుకు పేరుపొందిన ఊరిలో, ఆటపాటలతో బ్రతుకు కుటుంబమున పుట్టిన ఇద్దరు దళిత సోదరులు కులాహంకారమును ఎదిరించిన కథ ఇది. రక్షిత్, తిరువీర్ అన్నదమ్ములుగా నటించినారు. రఘు కుంచె సంగీతములో జానపదపు బాణీ అలంకారమువలె కాక కథలో భాగముగా వినబడును. ఉత్తరార్ధమున కత్తుల మోత మాటలను మ్రింగివేసినదని మాకు తోచినది. చెప్పదలచిన అన్యాయము నెత్తురు లేకున్నను వినువారికి తగిలియుండెడిది.

రామ్ జగదీష్ దర్శకత్వమున 2025లో వచ్చిన 'కోర్ట్' కథాకాలము 2013, స్థలము విశాఖపట్టణము. 19 ఏండ్ల యువకుడు, 18 నిండని బాలిక ప్రేమించుకొందురు. బాలిక బంధువైన మంగపతి, పిల్లల రక్షణకై 2012లో వచ్చిన పోక్సో చట్టమునే ఆయుధముగా చేసికొని ఆ యువకుని జైలుకు పంపించును. ప్రియదర్శి పోషించిన యువ న్యాయవాది వాదనలను కన్నులు మూసికొని వినినను కథ తప్పిపోదు. అది మంచి సంభాషణకు గుర్తు. ఎదుటి పక్షము దొంగసాక్ష్యములపై ఆధారపడుటచే నాయకుని పని కొంత తేలికైనది. సాక్షులందరు నిజమే చెప్పినచో ఈ చట్టము ముందు ఆ యువకుని గతి ఏమి? ఆ కఠినమైన ప్రశ్నను చిత్రము తాకి విడిచినది. ఈ వయసు పిల్లలు గల తల్లిదండ్రులు మాత్రము తప్పక చూడవలెను.

మంగపతిగా భయపెట్టిన శివాజీయే, 2024లో ఈటీవీ విన్‌లో వచ్చిన '90స్' ధారావాహికలో ముగ్గురు బిడ్డల తండ్రి అయిన లెక్కల మాస్టారు. ఆదిత్య హాసన్ దర్శకత్వమున ఆరు భాగములు. ఒకే కంఠము ఒకచోట పరువు పేర పిల్లను నలిపివేయును. మరియొకచోట రూపాయి రూపాయి లెక్క చూచుకొనుచు పిల్లల మార్కులకై తపించును. రెండును మన ఇండ్లలో వినబడు గొంతులే. వాసుకి పోషించిన తల్లి పాత్ర తక్కువ మాటలతో ఇల్లు నడపినది. పాత వస్తువుల జ్ఞాపకములపై మోజు కొంచెము ఎక్కువైనను, ఇంటిల్లిపాది కూర్చుండి చూడదగినది.

ఒక్కటే ఎంచుకొమ్మన్నచో మేము 'కంచరపాలెము'నకు ఓటు వేయుదుము. అందులో మన మాట ఎవరి అనుమతియు కోరక మాట్లాడినది. నాటికలు వ్రాయు యువతీయువకులకు మా మనవి ఇదియే: పాత్రకు పేరు పెట్టకముందు, ఆ మనిషి సంతబయలులో బేరమాడునప్పుడు, ఆసుపత్రి వరండాలో బిడ్డను ఎత్తుకొని కూర్చున్నప్పుడు ఎట్లు మాట్లాడునో వినుడు. వినినది వినినట్లు వ్రాయుడు. నవ్వు వచ్చుచోట నవ్వు దానంతట అదియే వచ్చును.