హద్దుల్లేని ఆటలో నీళ్ళ వంతు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీరు ఇంజనీరు కదండీ, సాంకేతిక విషయం ఏదైనా ఓ పావుగంట మాట్లాడండి" అన్నారు. ఆన్‌లైన్ గేముల గురించి మాట్లాడతానంటే అవతల కాసేపు చప్పుడు లేదు. మా లెక్కల మాస్టారు ముందు వరసలోనే కూర్చున్నారు. గోళీలాడుతుంటే ఆయన మెలిపెట్టిన చెవి ఇదే. మాస్టారూ, ఈ ఒక్కసారికి మన్నించాలి.

ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 2020లో పదో తరగతి పరీక్షలు రద్దయి మా అబ్బాయి ఇంట్లో ఉన్నాడు. ఒక రాత్రి పన్నెండు దాటాక కూడా పబ్‌జీ ఆడుతుంటే నాకు ఒళ్ళు మండి రౌటర్ స్విచ్ కట్టేశాను. వాడు అరవలేదు. "నాన్నా, నలుగురం ఒక జట్టు. నేను చెప్పకుండా మాయమైతే మిగతా ముగ్గురూ ఓడిపోతారు కదా" అన్నాడు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నా ఉద్యోగమే నెట్‌వర్కులు తెగకుండా చూడటం. ఇంట్లో నా చేత్తో నేనే తెంపాను. ఆ సంగతి మా మధ్య చాలాకాలం అలాగే ఉండిపోయింది.

మొన్న సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు కాలవ గట్టు మీద నడుస్తుంటే వాడే కదిపాడు. ఇప్పుడు ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. "కంప్యూటర్లకి, నెట్‌కి, డబ్బుకి లోటు లేదనుకో. లక్షలమంది కలిసి ఆడే గేమ్ ఒకటి చెయ్యమంటే ఎలాంటిది చేస్తావు నాన్నా?" అన్నాడు.

అసలు ఆ లోటు ఏమిటో పెద్దలకు రెండు ముక్కల్లో చెబుతాను. 1978లో ఇంగ్లాండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి 'మడ్' అనే ఆట మొదలుపెట్టాడు. రిచర్డ్ బార్టిల్ దాన్ని పెంచాడు. బొమ్మల్లేవు, అన్నీ అక్షరాలే. "ఉత్తరానికి వెళ్ళు" అని టైపు చేస్తే అక్కడేముందో మాటల్లో చెప్పేది. అయినా ఒకే లోకంలో పదిమంది తిరిగేవారు. ఇవాళ బొమ్మలు అద్దంలా ఉన్నాయి, కానీ పబ్‌జీలో ఒక మైదానంలోకి దిగేది వందమందే. ఎందుకంటే ఒకడు కదిలితే ఆ సంగతి మిగతా అందరికీ చెప్పాలి. మనుషులు రెట్టింపైతే చెప్పాల్సిన మాటలు నాలుగింతలవుతాయి. ఐస్‌లాండ్ వాళ్ళ 'ఈవ్ ఆన్‌లైన్'లో 2014 జనవరిలో ఒకే యుద్ధంలో ఏడువేలమందికి పైగా పాల్గొన్నారు. యంత్రాలు తట్టుకోలేక ఆటలోని కాలాన్నే పదోవంతు వేగానికి తగ్గించారు. ఇరవై గంటలకు పైగా సాగింది ఆ యుద్ధం. మన లెక్కల పీరియడ్ కూడా అంత నెమ్మదిగా నడవలేదు.

ఇంకొకటి వెలుగు వేగం. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఇక్కణ్ణుంచి అమెరికా తూర్పు తీరానికి 13 వేల కిలోమీటర్లు. పోయి రావడానికి తక్కువలో తక్కువ సెకనులో ఎనిమిదో వంతు. ఆ ఎనిమిదో వంతులో అవతలివాడు కాల్చేస్తాడు. ఇది ఏ ఇంజనీరూ బాగుచెయ్యలేడు. సరే, మావాడి షరతు ప్రకారం ఇవన్నీ లేవనుకున్నాం.

వాడి ఊహ ముందు చెప్పాడు. ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా డెల్టా అంతా ఉన్నదున్నట్టు, ప్రతి కొబ్బరిచెట్టూ విడివిడిగా ఊగుతూ. ఎవరికి కావలసిన చోట వాళ్ళు ఇల్లు కట్టుకోవచ్చు, పడవలు తోలుకోవచ్చు, పంటలు వేసుకోవచ్చు.

"మరి నీళ్ళు?" అన్నాను.

"ఎన్నైనా ఉంటాయి. హద్దుల్లేవనుకున్నాం కదా."

"హద్దు తీసేసింది కంప్యూటరుకిరా, గోదావరికి కాదు."

అక్కడ పట్టుకున్నాం ఇద్దరం. చీకటి పడేదాకా వాదించుకున్నాం. మా ఊరు గన్నవరం అక్విడెక్టు దాటాక, వైనతేయ అవతల, రాజోలు వైపు శివారున ఉంటుందని మీలో చాలామందికి తెలుసు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేశాక తూర్పు, మధ్యమ, పశ్చిమ డెల్టాలన్నీ ధవళేశ్వరం దగ్గర ఎత్తే నీళ్ళ మీదే బతుకుతున్నాయి. మొత్తం 10 లక్షల ఎకరాల మాట. సార్వాకి పరవాలేదు. దాళ్వాకి ఏట్లో నీళ్ళు తగ్గితే వంతులు పెడతారు. ఎగువవాడి వంతు అయ్యాక మన వంతు. ఆ రాత్రి బోదె దగ్గర కాపలా పడుకోవాలి.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక దాళ్వాలో మా వంతు రాత్రి ఎగువన ఎవరో అడ్డుకట్ట వేశారు. మా నాన్నగారు లాంతరు పట్టుకుని గట్టు వెంట నడుచుకుంటూ వెళ్ళారు, నేను వెనకాల. కట్ట వేసినాయన అక్కడే ఉన్నాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. ఆ ఏడు మా ఎకరంన్నర ఎండిపోయింది. మే నెలలో ఆయన కూతురి పెళ్ళికి మా నాన్నగారు వెళ్ళి పంక్తిలో వడ్డించి వచ్చారు. మా అమ్మ రెండు రోజులు ఆయనకి మాట పెట్టలేదు.

మావాడికి ఇది చెప్పి, "నా గేమ్‌లో ఇది ఉండాలి" అన్నాను. ఇప్పటి గేముల్లో మోసం చేసినవాడు ఇంకో పేరు పెట్టుకుని గంటలో తిరిగొస్తాడు. నా లోకంలో పేరు మారదు. రాత్రి కొట్టిన గండి పొద్దున్నకి గండిగానే ఉంటుంది. ఎవరు కొట్టారో ఊరికి తెలుస్తుంది. వాడితోనే మళ్ళీ పడవెక్కాలి.

"పక్కవాడు నీళ్ళు కట్టేస్తే పంట ఎండిపోయే ఆటని ఎవడాడతాడు నాన్నా?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. దొంగా పోలీసుల్లో ఈ ఆటలో దొంగ వచ్చే ఆటలో పోలీసయినట్టు, ప్రతి పంటకీ స్థలాలు మార్చేద్దాం అన్నాను. ఇవాళ ఎగువనున్నవాడు వచ్చే దాళ్వాకి శివారుకి రావాలి. మావాడు ఒప్పుకోలేదు. "ఆర్నెల్లకోసారి పొలం మారిపోతే గట్టు ఎవడు వేస్తాడు? చెట్టు ఎవడు నాటుతాడు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

వాడే ఇంకో మెలిక పెట్టాడు: అందరికీ విసుగొచ్చి ఒకేసారి ఆట మానేస్తే? నవ్వొచ్చింది నాకు. 2011లో మన కోనసీమ రైతులు చేసిందదే. ధర గిట్టక, ఖర్చులు పెరిగి, మురుగు కాలవలు పూడిపోయి సార్వా పంట వెయ్యమని ఊళ్ళకి ఊళ్ళు కూర్చున్నాయి. పంట విరామం అన్నారు. ఢిల్లీ దాకా కదిలింది. నా గేమ్‌లో అది కూడా ఒక ఎత్తుగా ఉండాలన్నాను. ఆడేవాళ్ళంతా చేతులు కట్టుకుంటే నడిపేవాడు దిగొచ్చి మాట్లాడాలి. ఇది మాత్రం వాడికి బాగా నచ్చింది. ఏ కంపెనీ ఒప్పుకోదనుకోండి.

ఇక వరద. 1986 ఆగస్టు మా బ్యాచ్‌కి చెప్పనక్కర్లేదు, మేం పదో తరగతి. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఏటిగట్టు మీద ఇసుక బస్తాలు అందించుకున్న వరసలో నా ముందు నిలబడింది మా నీళ్ళు కట్టేసిన ఆయనే. ఆయన చేతిలోంచి నా చేతిలోకి, నా చేతిలోంచి మా నాన్నగారి చేతిలోకి బస్తా. గేమ్‌లో వరద చెప్పకుండా రావాలనీ, గట్టు నిలబెట్టినందుకు పాయింట్లు ఉండకూడదనీ నేనన్నాను. "పాయింట్లు లేకపోతే రారు" అన్నాడు వాడు. "వస్తారు" అన్నాను నేను. అది మాత్రం ఆడి చూస్తేనే తేలుతుందని ఇద్దరం ఒప్పుకున్నాం.

అందుకే మావాడు ఒక చిన్నది మొదలుపెట్టాడు. డెల్టా అంతా కాదు లెండి. ఒక కాలవ, ఒక లాకు, పన్నెండు పొలాలు, పన్నెండుమంది. ఆదివారం రాత్రుళ్ళు వాడు, వాడి పాత జట్టులో ఇద్దరు, నేను ఆడుతున్నాం. కిందటి వారం నాకు శివారు పొలం వచ్చింది. ఎగువన మావాడు. నీళ్ళు వదలలేదు. స్విచ్ కట్టేద్దామనిపించింది కానీ, కట్టెయ్యలేదు.

చివరగా ఒక సాయం అడగాలి. మన స్కూలు వెనక లాకు పక్కన పడవల రేవు ఉండేది కదా, ఇప్పుడు పూడ్చేశారు. దానికి మెట్లెన్నో మావాడికి కావాలి. ఏడని నేనన్నాను. మా బ్యాచ్‌లో ఒకాయన తొమ్మిదంటున్నాడు. గుర్తున్నవాళ్ళు భోజనాల దగ్గర నాతో ఒక్క మాట చెప్పి వెళ్ళండి.