చేతికి మిగిలేదెంత?



హిమాయత్‌నగర్‌లో నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివి ఇవాళ పట్టా అందుకుంటున్న మీకు బీజాపూర్ రోడ్డు గురించి నేను చెప్పక్కర్లేదు. చేవెళ్ల వైపు నుంచి సిటీకి పోయే పూల ఆటోలను, ట్రాలీలను మీరు చూసే ఉంటారు. బంతి, చామంతి, గులాబీ, పాలీహౌసుల్లో పెంచిన జర్బెరా. వీటిలో ఎక్కువ భాగం గుడిమల్కాపూర్ మార్కెట్‌కే చేరుతుంది. బతుకమ్మ రోజుల్లో అక్కడ బంతిపూల రేటు పొద్దున ఒకటైతే మధ్యాహ్నానికి మరొకటి. అవే పూలు రోడ్డు పక్కన కుప్ప పోసి అమ్మితే ఒక రేటు, పది నిమిషాల్లో ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లో ఇంకో రేటు. సరుకు ఒక్కటే, అమ్మే చోట్లు మూడు. మార్కెట్ నుంచి తిరిగొచ్చిన రైతును ఇంట్లోవాళ్లు కిలో ఎంతకు పోయిందని అడుగుతారు. ఆ వెంటనే కిరాయి, హమాలీ, కమీషన్ పోను చేతికి ఎంతొచ్చిందని అడుగుతారు. ఆ రెండో ప్రశ్న గురించే ఇవాళ మాట్లాడదామని వచ్చాను.

ఇంజనీర్లకు ధరల గోల ఎందుకని మీరు అనుకోవచ్చు. ఇక్కడికి దగ్గర్లోనే, నానక్‌రామ్‌గూడలో, 2019లో అమెజాన్ అప్పటికి ప్రపంచంలోనే తన అతిపెద్ద క్యాంపస్ భవనాన్ని తెరిచింది. మీలో కొందరు అలాంటి చోట్ల ధరలు మార్చే ప్రోగ్రాములు రాస్తారు. కొందరు ఇంట్లోవాళ్ల వ్యాపారాన్ని ఆన్‌లైన్‌లో పెడతారు. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి వీసా కోసం చూస్తున్నవాళ్లు కూడా అక్కడికెళ్లి చేసే పని చాలావరకు ఇదే. (వీసా వచ్చాక నూటెనిమిది బాకీ ఉంటాయి, మర్చిపోకండి.)

ఒక సీసాతో మొదలుపెడదాం. అరకిలో ఆవకాయ. అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవి. మీ ఇంటి అంకెలు మీరు వేసుకోండి. కాయలు, నూనె, కారం, సీసా, లేబుల్, కూలీ అన్నీ కలిపి 140 రూపాయలు పడింది. ఎమ్మార్పీ 300. అందులో 5 శాతం జీఎస్టీ కలిసే ఉంది, అంటే దాదాపు 14 రూపాయలు ప్రభుత్వానివి.

వాట్సాప్‌లో ఆర్డరు తీసుకుని 300కే పంపారనుకోండి. పేమెంట్ గేట్‌వేకు 6, కొరియర్‌కు 60, అట్టపెట్టెకు 15. అన్నీ పోను మిగిలింది 65. అదే సీసాను పెద్ద మార్కెట్‌ప్లేస్‌లో అదే 300కు పెట్టారు. కమీషన్ 24, ఫిక్స్‌డ్ ఫీజు 20, షిప్పింగ్ 65, పెట్టె 15. మిగిలింది 22. ఊళ్లో సూపర్‌మార్కెట్‌కు టోకున 200కే ఇచ్చారు. పన్ను పోను, ఆటో ఖర్చు పోను మిగిలింది 45. 300కు అమ్మినచోట 22, 200కు ఇచ్చినచోట 45! రేటు చూసి మురిసిపోయేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

ఇప్పుడు మార్కెట్‌ప్లేస్‌లో పది సీసాలు పోయాయి, దారిలో ఒకటి పగిలింది. తొమ్మిదింటి మీద 198 వచ్చింది. పగిలిన దాని మీద తయారీ, పెట్టె, షిప్పింగ్ కలిపి 220 పోయింది. పది సీసాలు అమ్మి, పచ్చడి కలిపి, టేపు చుట్టి, 22 రూపాయలు ఎదురు ఇచ్చుకున్నారన్నమాట. పండగ సేల్‌లో మీరు భరించే 10 శాతం కూపన్‌కు టిక్కు పెడితే, ఏ సీసా పగలకుండానే ఒక్కోదాని మీద నాలుగైదు రూపాయలు చేతినుంచి పడతాయి. స్క్రీన్ మీద మాత్రం ఆర్డర్ల గ్రాఫు నిటారుగా పైకి లేచి ఉంటుంది. ఇంట్లో అందరికీ ఆ గ్రాఫే చూపిస్తారు.

ఇంకో సంగతి. ప్లాట్‌ఫారం మీకు డబ్బు పంపే ముందు జీఎస్టీ కింద టీసీఎస్ పట్టుకుంటుంది. 2018 అక్టోబరులో మొదలైనప్పుడు 1 శాతం, 2024 జూలై 10 నుంచి 0.5 శాతం. ఆదాయపు పన్ను కింద పట్టే టీడీఎస్ కూడా 1 శాతం నుంచి 2024 అక్టోబరులో 0.1 శాతానికి దిగింది. ఇవి ఖర్చు కిందికి రావు, లెక్కలో తిరిగొస్తాయి. కానీ వచ్చేలోపు మామిడికాయల సీజను అయిపోతుంది. పెట్టుబడి తక్కువ ఉన్నవాడికి ఆలస్యం కూడా ఖర్చే.

సరే, ఒక్కో చోట ఒక్కో ధర పెడితే పోలేదా? కొంతవరకు పెట్టొచ్చు. ఎమ్మార్పీకి మించి అమ్మకూడదు, తక్కువకు ఎంతకైనా అమ్మొచ్చు. అయితే ఒకే రకం ప్యాకెట్ మీద మాల్‌కు ఒక ఎమ్మార్పీ, వీధి దుకాణానికి ఒక ఎమ్మార్పీ ముద్రించే అక్రమ పద్ధతికి 2018 జనవరి 1 నుంచి తూనికలు కొలతల నిబంధనలు అడ్డుకట్ట వేశాయి. అందుకని తెలివైనవాళ్లు ప్యాకింగ్ మారుస్తారు. మార్కెట్‌ప్లేస్‌లో సీసా ఒక్కటే పెట్టరు, మూడింటి సెట్ పెడతారు. షిప్పింగ్ ఖర్చు మూడింటికీ పంచిపోతుంది. చిన్న సైజు సొంత వెబ్‌సైట్‌కు, కిలో డబ్బా టోకు దుకాణానికి. ఇందులో మోసమేమీ లేదు.

సొంత వెబ్‌సైట్‌లో రేటు బాగా తగ్గించి, మార్కెట్‌ప్లేస్‌లో పెంచితే వేరే చిక్కు వస్తుంది. మీ రేట్లను వాళ్ల కంప్యూటర్లు చూస్తూనే ఉంటాయి. వేరేచోట తక్కువకు అమ్మే సెల్లర్లను అమెజాన్ వెనక్కి నెట్టి శిక్షిస్తోందని 2023 సెప్టెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, 17 రాష్ట్రాలు కలిసి దావా వేశాయి. కంపెనీ ఆ ఆరోపణను ఒప్పుకోలేదు. మన దేశంలో, విదేశీ పెట్టుబడి ఉన్న మార్కెట్‌ప్లేస్ నేరుగా గానీ చాటుగా గానీ ధరలను ప్రభావితం చేయకూడదని 2018 డిసెంబరు నాటి ప్రెస్ నోట్ 2 చెప్పింది. 2020 జనవరిలో కాంపిటీషన్ కమిషన్ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌ల భారీ డిస్కౌంట్ల మీద, కొందరు సెల్లర్లకే పెద్దపీట వేస్తున్నారన్న ఫిర్యాదు మీద విచారణకు ఆదేశించింది. రూలు ఉంది, ఫిర్యాదులూ ఉన్నాయి. చిన్న సెల్లర్ అడగాల్సిన మాట మాత్రం ఒక్కటే: ఈ డిస్కౌంట్ ఎవరి జేబులోంచి పోతోంది? జవాబు ప్లాట్‌ఫారం పంపే సెటిల్‌మెంట్ షీటులో ఉంటుంది. దాన్ని వరుస వరుసా చదివే ఓపిక ఎవరికీ ఉండదు. మీరు చదవండి.

పన్నులు కూడా రేటుతో ఆటలాడతాయి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ స్లాబులు మారిన రోజును గుర్తు తెచ్చుకోండి. తెల్లారేసరికి ప్రతి యాప్‌లోనూ ప్రతి లిస్టింగ్‌లోనూ రేటు మారాలి. ఒక చోట మార్చి ఇంకో చోట మర్చిపోతే కొన్నవాడు నిలదీస్తాడు. కుట్టిన బట్టలకైతే 2,500 రూపాయలు ఒక గీత. ఒక కుర్తా పన్ను కలపకముందు ధర 2,500 అయితే 5 శాతం పన్నుతో కొనేవాడు 2,625 ఇస్తాడు. 2,501 అయితే 18 శాతం, దాదాపు 2,951. మీరు పెంచింది రూపాయి, కొనేవాడికి పెరిగింది 326. ఈ గీత తెలియని ప్రోగ్రాము రాత్రికి రాత్రి రేటు కాస్త పైకి జరిపితే అమ్మకాలు ఎందుకు ఆగాయో నెల రోజులు తలబాదుకుంటారు.

ప్రోగ్రాముల మాట వచ్చింది కాబట్టి, వాటిని రాయబోయేవాళ్లంతా గుర్తుంచుకోవాల్సిన కథ ఒకటి ఉంది. 2011 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్కిలీలో జీవశాస్త్రవేత్త మైకేల్ ఐజెన్ ల్యాబ్‌లో ఒకరు 'ద మేకింగ్ ఆఫ్ ఎ ఫ్లై' అనే పుస్తకం కొందామని అమెజాన్‌లో చూశారు. 1992లో వచ్చిన, ఈగ పుట్టుక మీద పీటర్ లారెన్స్ రాసిన పుస్తకం. కొత్త ప్రతులు రెండే ఉన్నాయి. ఒకటి 17 లక్షల డాలర్లు, రెండోది 21 లక్షల పైన. ఐజెన్ రోజూ రేట్లు రాసుకుంటూ పోతే గుట్టు బయటపడింది. మొదటి సెల్లర్ ప్రోగ్రాము రోజుకోసారి రెండోవాడి రేటును చూసి, దాన్ని 0.9983తో గుణించి, రవ్వంత తక్కువకు పెడుతుంది. రెండోవాడి ప్రోగ్రాము మొదటివాడి రేటును 1.270589తో గుణించి పెడుతుంది. బహుశా రెండోవాడి దగ్గర పుస్తకమే లేదు, ఆర్డరు వస్తే మొదటివాడి దగ్గర కొని పంపుదామనుకున్నాడని ఐజెన్ ఊహ. రెండు గుణకాల లబ్ధం 1.268. అంటే తిరిగిన ప్రతిసారీ రేటు నాలుగో వంతుకు పైగా పెరుగుతుంది. ఏప్రిల్ 18న అది 2,36,98,655 డాలర్ల 93 సెంట్లకు చేరింది. పోస్టేజీ 3 డాలర్ల 99 సెంట్లు అదనం!

విడివిడిగా చూస్తే రెండు ప్రోగ్రాముల్లోనూ తప్పు లేదు. పైన ఒక హద్దు పెట్టాలని ఎవరికీ తోచలేదు, అంతే. అడుగున హద్దు లేకపోతే ఏమవుతుందో 2014 డిసెంబరు 12 సాయంత్రం బ్రిటన్‌లో తెలిసింది. ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీకి చెందిన రీప్రైసర్ ఎక్స్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ దారితప్పి, అమెజాన్ సైట్‌లో చిన్న వ్యాపారుల సరుకును గంటసేపు ఒక్క పెన్నీకి అమ్మకానికి పెట్టింది. క్రిస్మస్ కోసం తెచ్చి పెట్టుకున్న సరుకు అది. జనం ఎగబడి కొన్నారు. చాలా ఆర్డర్లు రద్దు చేసినా, అప్పటికే గోదాము దాటిపోయినవి పోయాయి.

ధరలు మార్చే ప్రోగ్రాములు వద్దని నేను అనను. వంద సరుకులు ఐదు చోట్ల అమ్మేవాడు చేత్తో మార్చలేడు. నేననేది, ఒక్కో చోట ఒక్కో సరుకుకు ఇంతకంటే దిగం, ఇంతకంటే ఎక్కం అనే రెండు అంకెలను మనిషి రాయాలి, ఎవరు రాశారో పేరు కూడా ఉండాలి. అడుగు హద్దు పక్కవాడి రేటు చూసి వేసేది అసలే కాకూడదు. మీ ఖర్చు, మీ కమీషన్, మీ రిటర్నులు, మీ పగుళ్లు కూడి వేయాలి. పక్కవాడు దానికంటే తక్కువకు అమ్ముతుంటే అమ్ముకోనివ్వండి. వాడి లెక్క వాడికి తెలిసి అమ్ముతున్నాడో, తెలియక మునుగుతున్నాడో మీకేం తెలుసు?

మన దగ్గర ఇలాంటి హద్దులు కొత్తేమీ కాదు. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు మొదలైనప్పుడు, టోకు ధరకు సుమారు 25 శాతం పైన, బయటి చిల్లర ధరకు సుమారు 25 శాతం కింద రేటు ఉండాలని పద్ధతి పెట్టారు. ఆ రోజు రేట్లు బోర్డు మీద రాసి పెడతారు. కొనేవాడూ అమ్మేవాడూ ఒకే బోర్డు చూస్తారు. అది ఎంత సక్రమంగా నడిచిందన్న వాదన ఎప్పుడూ ఉంది, నేను దాంట్లోకి పోను. యాప్‌లో ఆ బోర్డు లేదు. నాకో రేటు, మీకో రేటు కనపడినా మనకు తెలియదు. అందుకే అమ్మేవాడికి తన సొంత బోర్డు ఉండాలి.

పట్టా చేతికొచ్చింది, ఉద్యోగంలో చేరేలోపు చాలామందికి కొన్ని వారాలు ఖాళీ ఉంటుంది. చేవెళ్లలో, శంకర్‌పల్లిలో, మీ సొంతూళ్లో పచ్చళ్లో, చీరలో, మొక్కలో ఫోన్‌లో అమ్ముకునే మనిషి తప్పకుండా ఉంటారు. మీ పిన్నో, పక్కింటి అక్కో అయి ఉంటారు. వెళ్లి వాళ్ల పక్కన కూర్చోండి. గత మూడు నెలల సెటిల్‌మెంట్ షీట్లు తెరిపించండి. ఒక్కో సరుకుకు, ఒక్కో చోట చేతికి ఎంత మిగులుతోందో పట్టిక వేసి ఇవ్వండి. నష్టం వచ్చే లిస్టింగ్‌ను వాళ్ల చేతే ఆపించండి. ఫీజు తీసుకోకండి, ఆవకాయ ఇస్తే మాత్రం వద్దనకండి.