తెలుగు వెబ్‌సైటు కంటికి హాయిగా ఉండాలంటే

వంటలు, కథలు, సేద్యం కబుర్లు సొంత వెబ్‌సైటులో రాసేవారి కోసం ఈ నాలుగు మాటలు.

మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. వరుసల మధ్య ఇంగ్లీషుకు సరిపోయే ఎడం తెలుగుకు చాలదు. పై వరుసలోని వత్తు కింది వరుసలోని గుడికి తగిలితే చదువరి కన్ను అలసిపోతుంది. అందుకే వరుసల ఎత్తును అక్షరం సైజుకు కనీసం 1.6 రెట్లు ఉంచండి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవాటిలో మండలి వ్యాసానికి, రామభద్ర శీర్షికకు బాగుంటాయి.

రాసినదాన్ని బొమ్మగా మార్చి పెట్టకండి. బొమ్మలోని పాఠం మామూలు వెతుకులాటకు చిక్కడం కష్టం, చూపులేనివారికి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కూ సరిగా అందదు. అలాగే, పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చాకే పెట్టండి. ఫొటో పెడితే, అందులో ఏముందో ఒక వాక్యంలో వివరణ ఇవ్వండి.

అక్షరాల రంగుకూ వెనుక రంగుకూ మధ్య తేడా (కాంట్రాస్ట్) నిష్పత్తి కనీసం 4.5కు 1 ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. లేత బూడిద రంగు అక్షరాలు ఎండలో సరిగా కనిపించవు.

ఫొటోల సైజు తగ్గించి ఎక్కించండి. బరువైన పేజీ పాఠకుడి డేటాను తినేస్తుంది. ప్రచురించే ముందు తక్కువ ధర ఫోనులో తెరిచి, ఇంట్లో పెద్దవారి చేత ఒకసారి చదివించండి. వారు తడుముకున్న చోటల్లా సరిదిద్దండి.