కూల్చే ముందు ఒక మాట చెప్పాలి



హోసూరు, కృష్ణగిరిలో ఇప్పుడు ఏ వీధిలోకి వెళ్లినా ఒక పక్క పాత పెంకుటిల్లు కూలుతుంటుంది, ఇంకో పక్క కొత్త మేడ లేస్తుంటుంది. 2019లో హోసూరు కార్పొరేషన్ అయింది. బెంగళూరు పక్కనే ఉంది. ఇంటికంటే దాని కింద ఉన్న నేలకే వెల ఎక్కువైంది. అందుకే కూల్చడానికి అందరికీ తొందర.

ముందు మా తప్పు ఒప్పుకుంటాం. కొన్నేళ్ల క్రితం మా సంఘం పాత మందిరాన్ని తీసేసి కొత్తది కట్టాలనుకున్నాం. కానుకలు పోగయ్యాయి. ఒక శనివారం పొద్దున్నే జేసీబీ తెప్పించి పని మొదలుపెట్టాం. పంచాయతీకి చెప్పలేదు, కరెంటు ఆఫీసుకు చెప్పలేదు, పక్కింటి అవ్వకు కూడా చెప్పలేదు. మన స్థలం, మన గోడ, ఎవరికి చెప్పాలి అనుకున్నాం. గోడ అవతలికి పడింది. అవ్వ స్నానాలగది రేకులు విరిగాయి. అప్పుడే ఆమె నీళ్లు పోసుకుని బయటికొచ్చింది. కరెంటు తీగ తెగి తడి నేల మీద పడింది. ప్రాణనష్టం జరగలేదని మరునాడు ఆరాధనలో స్తోత్రాలు చెప్పుకున్నాం. అవ్వ మాత్రం ఒకటే అడిగింది: "ముందే ఒక మాట చెప్పుంటే పక్కకు పోయేదాన్ని కదా అయ్యా?"

దానికి మా దగ్గర జవాబు లేదు. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం చెబుతుంది. అక్కడినుంచి ఎవరైనా పడి చస్తే ఆ దోషం ఆ ఇంటి మీద ఉంటుంది. ఇల్లు మనదే, కానీ దాని పక్కన నడిచే మనిషి ప్రాణానికి కూడా మనమే పూచీ. కట్టేటప్పుడే ఇంత బాధ్యత ఉంటే పడగొట్టేటప్పుడు ఇంకెంత ఉండాలి!

ముందుగా తెలిపితే ఏం జరుగుతుంది? కరెంటు కనెక్షన్ తీస్తారు. నీటి గొట్టం, మురుగు గొట్టం మూస్తారు. ఉమ్మడి గోడ ఉంటే చూసి చెబుతారు. పక్కవాళ్లు పిల్లల్ని జాగ్రత్త చేసుకుంటారు. 2025 దాకా అమల్లో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం కూల్చివేతను కూడా నిర్మాణ పనిగానే లెక్కించేది. పని మొదలుకావడానికి కనీసం 30 రోజుల ముందు ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలనేది. రోజుకు 20 టన్నులు, లేదా ఒక పనిలో నెలకు 300 టన్నులు దాటి శిథిలాలు వచ్చేలా ఉంటే, ముందే స్థానిక సంస్థ ఆమోదం తీసుకోవాలని 2016 నాటి నియమాలు చెప్పేవి. లేకపోతే ఆ మట్టి, ఇటుకలు రాత్రికి రాత్రే చెరువు గట్టుకు చేరతాయి.

చెన్నై దగ్గర మౌలివాక్కం మనవాళ్లు మరచిపోకూడని పేరు. 2014 జూన్ 28న అక్కడ కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలనుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన మన తెలుగు కూలీలు. పక్కనే ఉన్న రెండో భవనాన్ని 2016 నవంబరు 2న ప్రభుత్వమే పేలుడు పదార్థాలతో కూల్చింది. ముందే చాటింపు వేశారు, చుట్టుపక్కల ఇళ్లు ఖాళీ చేయించారు. సెకన్లలో భవనం నేలమట్టమైంది. ఒక్క ప్రాణం పోలేదు.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. చెప్పాల్సిన బాధ్యత మనకే కాదు, ప్రభుత్వానికి కూడా ఉంది. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. నోటీసు ఇచ్చి కనీసం 15 రోజులు ఆగాలి. దాన్ని రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఇంటికి కూడా అంటించాలి. కలెక్టరుకు తెలియజేయాలి. ఇంటివారి మాట వినాలి. తుది ఉత్తర్వు ఇచ్చాక మరో 15 రోజులు ఆగాలి. కూల్చివేతను వీడియో తీయాలి. మీరితే అధికారి సొంత డబ్బుతో నష్టం కట్టాలి.

అయితే రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క, నదులు, చెరువుల మీద ఉన్న అక్రమ కట్టడాలకు ఈ తీర్పు వర్తించదు. మన పేదలు ఎక్కువగా ఉండేది సరిగ్గా అక్కడే. వారికోసం 1985 నాటి బొంబాయి ఫుట్‌పాత్ వాసుల తీర్పును గుర్తుంచుకోవాలి. బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని ఆనాడు కోర్టు చెప్పింది. తొలగింపును ఆపలేదు గానీ, వానాకాలం పోయేదాకా ఆగమంది.

యౌవనస్థులారా, మీకు ఒక పని అప్పగిస్తున్నాం. మీ వీధిలో ఎవరైనా ఇల్లు తీయాలనుకుంటే పంచాయతీకో, మున్సిపాలిటీకో, కార్పొరేషన్‌కో వెళ్లి ఏ అనుమతి కావాలో అడిగి, అర్జీ రాసిపెట్టండి. నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. పేదవాడి గుడిసెకు నోటీసు వస్తే చదివి వినిపించండి, గడువులోగా జవాబు రాయండి. అక్షరం వచ్చినవాడు చేయగల సేవ ఇది.

సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వారు మిగతావారికంటే పాపులా అని యేసు అడిగాడు, కాదన్నాడు. ప్రమాదం జరిగాక మనం దేవుని చిత్తం అంటాం. రాయని అర్జీ, కొట్టని తలుపు దేవుని చిత్తం కాదు, మన నిర్లక్ష్యం. మా కొత్త మందిరం లేచింది. ప్రతిష్ఠ రోజున మొదటి కుర్చీ ఆ అవ్వకే వేశాం. కానీ ఆమె అడిగిన మాట ఇంకా మాకు వినిపిస్తూనే ఉంది. మీ ఊళ్లో ఏ అవ్వా అలా అడగాల్సిన పని రాకుండా చూడండి.

దేవుడు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.