రాజ్యాంగ పరిపాలనము – పౌరుల యెఱుక



రాజ్యాంగమనఁగా న్యాయవాదుల బీరువాలలో నుండు గ్రంథమని మనలోఁ బెక్కుమంది తలంచుచున్నారు. 1950వ సంవత్సరము జనవరి 26వ తేదీనుండి యది మన యందఱకును మూలశాసనము. ధనికుఁడు, దరిద్రుఁడు, పండితుఁడు, పామరుఁడు అను భేదము లేక 326వ అధికరణము వయోజనులకెల్ల నోటు నొసఁగినది. మొదట 21 ఏండ్లుగా నుండిన వయోనియమము 61వ సవరణచే 1989లో 18 ఏండ్లయినది. ఓటు శాసనమువలన లభించును. దానిని వినియోగించు నెఱుక శాసనమువలన లభింపదు.

ఎఱుక కొఱవడిన నేమగునో 1975వ సంవత్సరము చెప్పుచున్నది. ఆ యేఁడు జూన్ 25వ తేదీ రాత్రి అత్యయిక స్థితి ప్రకటింపఁబడెను; వెంటనే పత్రికలపై సెన్సారు విధింపఁబడెను. ఎవరు నిర్బంధింపఁబడిరో, ఏ కారణమునో సామాన్య జనులు పత్రికలవలనఁ దెలిసికొనలేకపోయిరి. అధికారము మొట్టమొదట మూసినది వార్తల ద్వారమునే యని గమనింపుఁడు. 1977 మార్చి యెన్నికలలో జనులు తీర్పు చెప్పిరి. 1978 నాఁటి 44వ సవరణము ‘ఆంతరంగిక కల్లోల’మను కారణమును తొలఁగించి ‘సాయుధ తిరుగుబాటు’ అని మార్చినది; 20, 21 అధికరణముల హక్కులను అత్యయిక స్థితిలోను నిలిపివేయరాదని విధించినది. ఈ రక్షణ మున్నదని మనలో నెందఱెఱుఁగుదురు? ఎఱుఁగని సొత్తు పోయినను వెదకువాఁడుండఁడు.

నేఁడు ఏ నిషేధాజ్ఞయు లేకయే మనమా ద్వారమును మూసికొనుచున్నాము. 1993లో అమలులోనికి వచ్చిన 73వ సవరణము గ్రామసభకు రాజ్యాంగమున స్థానమిచ్చినది. సభనాఁడు మనము పొలమునకో పెండ్లికో పోవుచున్నాము. 2005 నాఁటి సమాచార హక్కు చట్టము ప్రకారము సాధారణముగా 30 దినములలో ప్రత్యుత్తర మీయవలెను, అడుగువారేరి? అభ్యర్థి మనవాఁడా యని విచారింతుము గాని, యేమి చేసినవాఁడని విచారింపము. మనవాఁడని లెక్క యడుగక విడిచినచో నతఁడు మనకును లెక్క చెప్పఁడు. ఇట్టిమాట కులసభలోనే చెప్పుట యుచితమని మేము తలంచితిమి.

కావున పోషకులకు మా విన్నపము. మన విద్యార్థి వసతిగృహములలో నెలకొక సాయంకాలము రాజ్యాంగాధికరణములను తెలుఁగునఁ జదివించి వివరింపించుఁడు. ప్రతి గ్రామశాఖయు పంచాయతీ పద్దులను తెప్పించి, చదువురానివారికి వినిపింపవలెను. ఆ శ్రోతలలో స్త్రీలును, ఇతర కులములవారును ఉండవలెను. ఊరి ధనము ఊరందఱిది గదా! వచ్చు మహాసభ నివేదికలో చందాల పట్టికతోపాటు, ఎన్ని గ్రామములలో పద్దులు చదువఁబడెనో యా సంఖ్యయుఁ జేరుఁగాక.