అణుకిరణములు, మురుగునీరు



మొన్న పటాన్‌చెరు దిక్కుననున్న పల్లెనుండి మా బావమరిది సంతోష్‌నగర్‌లోని మా యింటికి వచ్చెను. ఇచ్చిన మంచినీరు త్రాగి, “బావా, మురుగునీటిపై అణుకిరణములు పోనిచ్చి శుద్ధిచేయుదురట. ఆ నీరు మరింత విషము గాదా?” యని యడిగెను. నేను తెలుగు పండితుడను. ఈ శాస్త్రమును బడి విడిచిన పిమ్మట చదువుకొన్నవాడను. తెలిసినంత చెప్పితిని.

వాని భయము నిర్హేతుకము గాదు. పటాన్‌చెరు మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేసి వదలిన నీటియందే లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందున్నట్లు 2007లో పరిశోధకులు ప్రకటించిరి. ఆ మందు గర్భమున బెంజీను వలయమున్నది. అనగా ఆరు కర్బన పరమాణువులు చేయిచేయి పట్టిన చక్రము. ఇట్టి పదార్థములలో మొదట తెలిసినవి కొన్ని సువాసన గలవగుటచే పాశ్చాత్యులు వీనికి పరిమళద్రవ్యములని పేరిడిరి. పేరును నమ్మరాదు. కలరా ఉండలును, ఆసుపత్రి వాసనగొట్టు కార్బాలికామ్లమును ఈ వంశమువే.

ఈ చక్రము గట్టిది. కిరణము దీని నెట్లు విరుచును? వింత యిచ్చటనే యున్నది. కిరణము మందును వెదకికొని పోదు. లెక్కవేసి చూచితిని: పైనీటిలో మందు అణువు 1కి నీటి అణువులు దాదాపు 6 లక్షలు. కావున దెబ్బ నీటికే తగులును. నీరు విరిగి హైడ్రాక్సిల్ అను ముక్కలు పుట్టును. జతలేని ఎలక్ట్రాను గల ఆ ముక్క ఱెప్పపాటైనను నిలువక, దొరికిన చక్రమునకు అంటుకొనును. నీటిలో ప్రాణవాయువు కరగియున్నచో చక్రము తెగుట కారంభించును. బెంజీనైనచో కొంత మొదట కార్బాలికామ్లమగును. అదియు మరల మరల దెబ్బతిని చిన్న ఆమ్లములై, తుదకు బొగ్గుపులుసు వాయువగును. (కణాదుడు పరమాణువును జెప్పెను గనుక ఇదియు నెఱుగునని కొందఱు మిత్రులందురు. నేననను.)

కిరణము చాలనిచో మాత్రము ప్రమాదమే. నడుమ పుట్టినవి మొదటిదానికంటె చెడ్డవి కావచ్చును. దెబ్బతిని బ్రదికిన పామువంటివి.

“నీటిలో కిరణము మిగులదా?” యనెను. మిగులదు. కోబాల్టు-60 గొట్టములలో మూయబడి యుండును, నీటిలో కలియదు. దాని గామా కిరణములకు నీటిని కిరణప్రసారకముగా మార్చు శక్తి లేదు. దక్షిణ కొరియాలోని డేగు పట్టణమున 2005లో స్థాపించిన యంత్రము కోబాల్టు లేకయే, ఎలక్ట్రానుల ధారతో, అద్దకపు మురుగును దినమునకు 10,000 ఘనమీటర్లు శుద్ధిచేయుటకు నిర్మింపబడెను. దానికి కరెంటు ఖర్చును, మందపు గోడలును కావలయును.

“అట్టి దొకటి మా బావికి పెట్టింతుమా?”

భూమిలో నింకి ఊరి బావులన్నిటికి ప్రాకిన నీటిని ఏ యంత్రము క్రిందికి తేగలమని యడిగితిని. వాడు కొంతసేపూరకుండి, “అయితే వారి కాలువ మొదటనే పెట్టవలె బావా. అర్జీ నీవు వ్రాయుము, ఊరివారిచే సంతకములు నేను చేయింతును” అనెను. ఆ రాత్రియే వ్రాసియిచ్చితిని.